కుర్చీ ఎవరు జరిపారు?

మా షాపు విజిటింగ్ కార్డు మీద నా పేరు కింద ‘ఆడియో ఇంజనీర్’ అని ఉండేది. నేను ఇంజనీరును కాను. ఐటీఐలో రేడియో మెకానిక్ కోర్సు చదివినవాణ్ణి. విశాఖపట్నంలో ఇరవై రెండేళ్లపాటు నేను నిజంగా చేసిన ఉద్యోగం పరాయి ఇళ్లలో సామాను జరపడం. సోఫాలు జరిపాను, బీరువాలు జరిపాను, టీవీ స్టాండ్లు జరిపాను, ఒక ఇంట్లో బియ్యం డ్రమ్ము కూడా జరిపాను. నేను గేటు దాటగానే వాళ్లు అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసుకునేవాళ్లు. వారం తిరక్కుండా షాపుకు ఫోన్ వచ్చేది. “ఏటి మూర్తిగారూ, మీరున్నంతసేపూ బాగానే వొచ్చింది, ఇప్పుడు రాట్లేదు!”

ఎందుకొస్తుంది?

ఈ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ కంపెనీ ఆంప్లిఫయర్ మంచిది, ఏ స్పీకర్ గొప్పది అని అడుగుతారు. గదిని కొలిచే సాధనాలు ఇప్పుడు వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి. నా రోజుల్లో నాకున్నవి రెండు అరచేతులూ, ఒక కొలత టేపూను. సామాను గురించి వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. నాకు కూడా అది చాలా ఆలస్యంగా, తల దించుకోవలసి వచ్చాక తెలిసింది. అది చెప్పేముందు నా విసుగంతా ఒకసారి కక్కేస్తాను, ఓపిక పట్టండి.

షోకేసు అనే శత్రువు

తొంభైలలో విశాఖలో కాస్త ఉద్యోగం స్థిరపడ్డ ప్రతి ఇంటి హాల్లోనూ ఒక షోకేసు ఉండేది. గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, అద్దాల తలుపులతో. మధ్యలో టీవీకి ఒక అర. చుట్టూ బొమ్మలు, పిల్లల స్కూలు షీల్డులు, ఎప్పుడూ వాడని టీ కప్పులు. అటూ ఇటూ రెండు బొరియలు. అవి స్పీకర్లకని వడ్రంగి తన చిత్తం వచ్చిన కొలతతో చేసి పోయేవాడు. ఇంటాయన ఆ బొరియ కొలత కాగితం మీద రాసుకుని మా షాపుకొచ్చేవాడు.

“పద్దెనిమిది ఎత్తు, పన్నెండు వెడల్పు. దీంట్లోకి పట్టే స్పీకర్లియ్యండి.”

ఎలా వినిపిస్తుందో విని కొనరా బాబూ అంటే, పట్టకపోతే ఎలాగండీ అనేవాడు. స్పీకరంటేనే ఒక పెట్టె. దాన్ని తీసుకెళ్లి ఇంకో పెట్టెలో దూరిస్తే పాట గుమ్ముగా, బానలోంచి మాట్లాడినట్టు వస్తుంది. పైగా డోలు మోగినప్పుడల్లా షోకేసు అద్దాలు గలగలమంటాయి. స్పీకరు కాలిపోయిందని మళ్లీ నాకే ఫోను.

బయటికి తీసి, గోడకు ఒక మూరెడు దూరంలో పెట్టండి, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకు రానివ్వండి, అని ఎన్ని వందల ఇళ్లలో చెప్పానో. బయట పెడితే దుమ్ము పడుతుంది అనేది ఇల్లాలు. పిల్లలు వేళ్లు పెడతారు అనేది అత్తగారు. అటక మీద పెడితే ఇల్లంతా వినబడుతుంది కదా అని ఇంటాయన తెలివిగా అడిగేవాడు. ఒక బ్యాంకు ఆఫీసరు గారైతే స్పీకర్లకు ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు రెండేళ్లపాటు అలాగే ఉంచారు. గొంతు మూసుకుపోయినట్టుంది అని కంప్లైంటు. నేను వెళ్లి కవరు చింపేశాను. పాట విచ్చుకుంది. ఆయన మొహం మాత్రం ముడుచుకుంది. “కొత్త సామాను పాడు చేసేశారేమిటండీ!” అన్నారు.

స్పీకర్ల మీద పూలకుండీ పెట్టి నీళ్లు పోసేవాళ్లనీ, వాటికి అల్లిక గుడ్డలు కప్పేవాళ్లనీ, బీచి రోడ్డులో సముద్రపు గాలికి కిటికీ బార్లా తెరిచి స్పీకరు కోను చుట్టూ ఉండే స్పాంజి ఏడాదిలో పిండిపిండి అయిపోతే గ్యారంటీ అడిగినవాళ్లనీ చూశాను. ఓడల మీంచి దిగిన జపాను సెట్లు పూర్ణా మార్కెట్ వైపు ఎవరి దగ్గరో కొని, రెట్టింపు వోల్టేజి ఉండే మన కరెంటుకు తిన్నగా తగిలించి, పొగ వచ్చాక ఆటోలో వేసుకొచ్చినవాళ్లనీ చూశాను. అందరిదీ ఒకటే ప్రశ్న. “ఏటి, సౌండు రాట్లేదేటి?”

నైరుతి మూల

సబ్బవరంలో ఒక కాంట్రాక్టరు కొత్త ఇల్లు కట్టాడు. హాలు పెద్దది, సామాను మంచిది, స్పీకర్లు మనిషి నడుము ఎత్తున్నవి. నేను వెళ్లేసరికి రెండు స్పీకర్లూ ఒకే మూలలో, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎడమ, కుడి అనే తేడా ఎక్కడా లేదు. మూలలో పెట్టినందువల్ల బేసు, అంటే కింది స్థాయి బరువు శబ్దం, గదంతా నిండి పాట మాటను మింగేస్తోంది.

“ఇదేం పద్ధతండీ?” అన్నాను.

“నైరుతి మూల గదండీ. బరువు నైరుతిలోనే ఉండాలంట. ఇంట్లో టీవీ కన్నా ఇయ్యే బరువు,” అన్నాడు.

గంటన్నర వాదించాను. శబ్దం ఎలా ప్రయాణిస్తుందో కాగితం మీద గీసి చూపించాను. ఆయన వాస్తు సిద్ధాంతి గారికి ఫోన్ చేశాడు. నేనూ సిద్ధాంతీ ఫోన్లో అరుచుకున్నాం. కాంట్రాక్టరు భార్య ఇద్దరికీ మంచినీళ్లివ్వాలా అని అడిగింది. చివరికి నాకు విసుగొచ్చి, పెరట్లో పడి ఉన్న పాత రుబ్బురోలు చూపించి, “బరువే కదా కావాల్సింది, అది తెచ్చి మూలలో పెట్టండి,” అన్నాను. వెటకారంగానే అన్నాను. సిద్ధాంతి గారు ఫోన్లోనే, రాయి ఇంకా శ్రేష్ఠం అన్నారు. ఇద్దరు కూలీలు రోలు మోసుకొచ్చారు, స్పీకర్లు బయటికొచ్చాయి, నేను అనుకున్నచోట కూర్చున్నాయి. ఆ హాలు నేను అమర్చినవాటిలో బాగా కుదిరినవాటిలో ఒకటి. గంటన్నర వాదించే బదులు ముందే పెరడు చూసి ఉంటే మధ్యాహ్నం భోజనం దక్కేది.

చలపతి గారు

మా ఓనరు చలపతి గారిది కృష్ణా జిల్లా. డాబాగార్డెన్స్‌లో మా షాపు. ఆయన నాకు మొదటిరోజే రెండు సూత్రాలు చెప్పారు. కస్టమరు ఇంట్లో తప్పుందని చెప్పకూడదు. మన స్పీకర్లో తప్పుందనీ చెప్పకూడదు.

“మరి తప్పు దేనిదని చెప్పాలండీ?”

“వైరుదయ్యా.”

అలా ఊరంతా మందపాటి వైర్లు అమ్మారు. ఎవరైనా బాగా రావట్లేదంటే ఇంకా పెద్ద స్పీకర్లు చూపించేవారు. పది అడుగుల గదిలో కల్యాణమండపానికి సరిపడే డబ్బాలు పెట్టించిన ఘనత ఆయనది. వాటిని అమర్చడానికి వెళ్లి తిట్లు తినే ఘనత నాది.

కానీ అన్యాయం చెప్పకూడదు. ఆయన కుర్రతనంలో టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేశారు. గదిలోకి వెళ్లగానే ఏం చెయ్యాలో నాకు నేర్పింది ఆయనే. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టాలి. టప్పుమని ఆగిపోతే మంచి గది. ట్రింగుమని తోక సాగితే గోడలు బోడిగా ఉన్నాయని అర్థం. మన ఇళ్లలో కింద మొజాయిక్కు, చుట్టూ సున్నం గోడలు, పైన శ్లాబు. పాట ఒకసారి బయల్దేరి నాలుగుసార్లు వచ్చి చెవిలో పడుతుంది. ఎదురుగోడకు ఒక మందపాటి తెరో, పుస్తకాల అలమరో, పాత చీరల బొంతో ఉంటే సగం జబ్బు నయమవుతుంది. ఆ చప్పటకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పోర్టు క్వార్టర్సులో ఒకాయన ఇంట్లో బేసు అసలు రావడం లేదు. మీ గది ఆకారమే అంత అని వారం రోజులు వాయించాను. మంచం జరిపించాను, తెరలు కట్టించాను. ఎనిమిదో రోజున చూస్తే, ఒక స్పీకరుకు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారుగా బిగించింది నేనే. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. వైరు మార్చి, గొంతు సవరించుకుని, “ఇప్పుడు గది కుదురుకుందండీ,” అన్నాను. ఇన్నాళ్లకు ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. చలపతి గారు విని, చూశావా, తప్పు వైరుదే అన్నారు.

పైడిరాజు గారి కుర్చీ

ఇప్పుడు అసలు సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పైడిరాజు గారని ఒకాయన మా షాపులో ఒక మామూలు సెట్టు కొన్నారు. క్యాసెట్ డెక్కు, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు. గాజువాక దగ్గర ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో పద్దెనిమిదేళ్లుగా కటింగ్ రంపం మీద పని. ఎర్రగా కాలిన ఇనప కడ్డీలను కోసే రంపం అది. కూర్మన్నపాలెంలో రెండు గదుల అద్దె ఇల్లు. స్వగ్రామం సబ్బవరం అవతల.

వాళ్ల నాన్న తప్పెటగుళ్ల బృందానికి పెద్ద. గుండెలకు రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ, గెంతుతూ పాడే ఆట అది. ఆయన పోయాక బృందం పైడిరాజు గారి మీద పడింది. చిన్నప్పట్నుంచీ తండ్రి వెనక తప్పెట వాయించారే గానీ పాట ఎత్తుకున్నది లేదు. పాటలేవీ కాగితం మీద లేవు. ఉన్నదల్లా ఎవరో టేప్ రికార్డరు పెట్టి పట్టిన ఒక్క క్యాసెట్టు. అది విని, మాటలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించి, వచ్చే గంగమ్మ పండక్కి తనే ముందు నిలబడి పాడాలని ఆయన పట్టుదల. పాడలేకపోతే బృందం ఆ ఏడాదితో ఆగిపోయేట్టుంది. కుర్రాళ్లు అప్పటికే జారుకుంటున్నారు.

“మాటలు తెలియాల బాబూ. సౌండు నాకొద్దు. మా అయ్య మాట నాకు ఇనపడాల,” అన్నారు.

అంత తెలివైన కోరిక కోరిన కస్టమరు నాకు అంతవరకు తగల్లేదు. సంతోషంగా వెళ్లాను. చప్పట కొట్టాను. గది ట్రింగుమంది. స్పీకర్లు సర్దాను. కుర్చీ చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. స్పీకర్లకు ఎదురుగా ఉండాల్సిన కుర్చీ, ఎడమ చెయ్యి గోడకు ఆనించి, బస్సులో కిటికీ పక్క సీటులాగా పక్కకు తిరిగి ఉంది. పాట ఆయన కుడి చెంపకు తగులుతుంది.

“ఇక్కడ కుర్చీ ఎవరు పెట్టారండీ?”

“నానే బాబూ,” అంది పైడిరాజు గారి భార్య నూకరత్నం, వంటగది గుమ్మంలోంచి.

కుర్చీ లాక్కొచ్చి గది మధ్యలో వేశాను. రెండు స్పీకర్లూ ఒక్కో కోణం, మనిషి మూడో కోణం. మూడు పక్కలూ సమానం ఉండాలని టేపు పట్టి, నేల మీద గీత గీసి చూపించాను. క్యాసెట్టు పెట్టాను. పల్లెలో పట్టిన టేపు కదా, పాట మొదలవకముందే సుయ్యిమని ఒకటే హోరు. ప్రతి కస్టమరూ ముందు దాని మీదే పడతాడు. పైడిరాజు గారు మాత్రం, “క్యాసెట్టు సుద్దంగా ఉంది బాబూ, సుయ్యిమనడం నేదు,” అన్నారు. పాపం, మర్యాదస్థుడు అనుకున్నాను.

నాలుగు రోజులకు ఫోను. మాటలు తెలియడం లేదట. వెళ్లాను. కుర్చీ మళ్లీ గోడ పక్కకు పోయింది. అంతేకాదు, ఆంప్లిఫయరు మీద ఎడమ కుడి బ్యాలెన్సు మర కుడి చివరకు తిప్పేసి ఉంది. నాకు ఒళ్లు మండింది.

“కుర్చీ ఎవరు జరిపారు?”

“నానే బాబూ.”

“అమ్మా, నేను కొలిచి పెట్టానా? గీత కూడా గీశాను కదా? దీని వెనక ఒక లెక్క ఉందమ్మా. మీ ఇష్టం వచ్చినట్టు జరిపేస్తే నేనేం చెయ్యను?”

ఆవిడ ఏదో చెప్పబోయి భర్త వైపు చూసింది. ఆయన తల పక్కకు తిప్పేసుకున్నారు. నేను కుర్చీని మళ్లీ మధ్యకు ఈడ్చాను, మర మధ్యకు తిప్పాను, వెనక గోడకు ఆవిడ చేతే బొంత కట్టించాను. పోయే ముందు కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుండ్రాలు గీశాను. ఆ గుండ్రాలు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

మళ్లీ ఫోను. ఈసారి చలపతి గారు విసుక్కున్నారు.

“ఒక చిన్న ఇల్లు సర్దలేవా మూర్తీ? పెద్ద స్పీకర్లు తీసుకెళ్లు.”

పెద్దవి తీసుకెళ్లలేదు. సన్నటి శబ్దాలు పలికే చిన్న కోనులు పాడయ్యాయేమోనని కొత్తవి రెండు పట్టుకెళ్లాను. కుర్చీ గోడ పక్కనే ఉంది. సుద్ద గుండ్రాలు కడిగేసి ఉన్నాయి. ఇక నేను అడగనైనా లేదు. కోనులు మార్చాను. క్యాసెట్టు వేశాను. నా చెవికి మాట స్ఫటికంలా ఉంది.

“ఇప్పుడేమంటారు?”

“నేదు బాబూ,” అన్నారాయన. “పండగ ఇరవై రోజులుంది. కుర్రోళ్లకి నానేటి నేర్పను? మా అయ్య అక్కడ పాడతన్నాడు, నాకు సగమే వొత్తంది.”

“ఏది రావట్లేదో చూపించండి,” అన్నాను కోపంగానే.

నోటుబుక్కు తెచ్చారు. గొర్రెల మందను నీళ్లకు తోలుకెళ్లే పాట. పెన్సిలు రాత, చక్కని వరసలు, మధ్య మధ్య ఖాళీలు. పేజీకి పది పన్నెండు. నేను క్యాసెట్టు వెనక్కి తిప్పి మొదటి ఖాళీ దగ్గర విన్నాను.

“సెలమ,” అన్నాను. “సెలమ అంటే ఏమిటమ్మా?”

“సెలమ తెల్దేటి బాబూ?” అంది నూకరత్నం. “ఏట్లో ఇసక తవ్వితే నీల్లూరతాయి గదా.”

“ఓ, చెలమ!”

రెండో ఖాళీ ‘సిక్కం’. పశువు మూతికి కట్టే చిక్కం. మూడోది ‘సవుడు’, అంటే చవుడు నేల. నాలుగోది ‘సందకాడ’. ఐదోది ‘సల్లకుండ’. మాది గోదావరి వైపు. మాకు చెట్టు చెట్టే, చేప చేపే. ఇక్కడ చెట్టు సెట్టవుతుంది, చేప సేపవుతుంది. పన్నెండు ఖాళీలూ నింపేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పేజీలో ఉన్న ప్రతి ఖాళీలోనూ స దిగింది. మ మిగిలింది, ద మిగిలింది, గ మిగిలింది. స ఒక్కటే ఎక్కడికో పోయింది.

క్యాసెట్టు మొదటికి తిప్పి వేశాను. పాట రాకముందు ఉండే సుయ్యిమనే హోరు మొదలైంది. సౌండు పెంచాను. ఇంకా పెంచాను. నూకరత్నం చెవులు మూసుకుంది.

“ఏం వినబడుతోందండీ?”

“ఏటి బాబూ, ఇంకా మొదలవనేదు గదా,” అన్నారు పైడిరాజు గారు.

ఆ క్షణంలో నాకు ఏం తోచిందో దాచకుండా చెబుతాను. జాలి కాదు. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. గదిని మూడుసార్లు విన్నాను. స్పీకరును విన్నాను. గోడల్ని చప్పట కొట్టి మరీ విన్నాను. మనిషిని ఒక్కసారీ వినలేదు.

ఆ హోరూ, స అక్షరమూ రెండూ సన్నటి శబ్దాలేననీ, అవి మీ చెవికి అందడం లేదనీ చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు.

“నాకు సెముడంతావా?” అని అరిచి వాకిట్లోకి వెళ్లిపోయారు.

నూకరత్నం కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“ఎడం సెవి పోనాది బాబూ. రెండేల్లయింది. రంపం ఆ పక్కే ఉంతాది. సెవుల్లో పెట్టుకోమని మిల్లోళ్లు బిరడాలిచ్చినారు గానీ, క్రేనోడి కేక ఇనపడదని ఎడంది తీసీసేవోడు. ఎవుళ్లకీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. రంపం కాడ్నుంచి తీసెత్తారని బెంగ. అందుకే కుడేపుకి రావాలని కుర్సీ అలగ ఏసినాను. మాటాడితే నాను కుడేపే కూకుంతన్నాను. అన్నం కూడా కుడేపు నుంచే ఒడ్డిత్తన్నాను.”

“ఒట్టు పక్కన పెట్టి, ఒక్క ముక్క నా చెవిన వెయ్యొచ్చు కదమ్మా! మూడుసార్లు వచ్చానే!”

ఆవిడ నా వైపు తిన్నగా చూసింది.

“మీరడిగినారేటి బాబూ? కుర్సీ ఎవులు పెట్టినారు, ఎవులు జరిపినారని రెండు మాట్లు అడిగినారు. ఎందుకు జరిపినావని ఒక్క మాటడగనేదు గదా.”

కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

మిగిలిన చెవి

వాకిట్లో పైడిరాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను వెళ్లి ఆయన కుడిపక్కన కూర్చున్నాను.

“ఎడంది పోనాదని నాకు తెల్దనుకున్నావేటి?” అన్నారు.

“అది మీకు తెలుసు. ఆ హోరు మీకు కుడి చెవిలోనూ వినబడలేదు. అది తెలుసా?”

తెలియదు. ఆ చెవి కూడా పోతే మీ నాన్నగారి గొంతు ప్రపంచంలో ఏ స్పీకరూ మీకు వినిపించలేదని చెప్పాను. నెమ్మదిగా చెప్పాల్సిన మాటే. నాకు నెమ్మది రాదు, గట్టిగానే చెప్పాను. ఆయనకు అలాగే వినబడేది కూడాను.

మర్నాడు నేనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలన్నాడాయన. పైడిరాజు గారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని నూకరత్నం చెప్పింది. మూడో రోజున తనే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు. భయపడ్డట్టు ఉద్యోగం పోలేదు. రంపం మీంచి తీసి లారీల కాటా దగ్గర వేశారు. పద్దెనిమిదేళ్లు తన చేతిలో ఉన్న మిషను మీద ఇంకొకడు నిలబడితే ఆయనకెంత కష్టమో నాకు తర్వాత చాలాసార్లు చెప్పారు. నన్ను తిట్టారు కూడా. పడ్డాను.

ఆ గదిలో నేను చేసిన పని ఏ పుస్తకంలోనూ ఒప్పుకోరు. ఎడమ, కుడి రెండు దారులూ కలిపేశాను. ఒక స్పీకరు తీసి అటక మీద పెట్టాను. రెండోది కుర్చీకి కుడిపక్కన, చెవికి జానెడు దూరంలో పెట్టాను. కుర్చీ మాత్రం ముట్టుకోలేదు, అది ముందునుంచీ సరైన చోటే ఉంది. చలపతి గారికి తెలిస్తే గుండె ఆగేది. రెండు అమ్మిన చోట ఒకటి వెనక్కి పెట్టించడం మా షాపు చరిత్రలో లేదు.

అయినా స అన్నీ రాలేదు. రావు. కాబట్టి ఆదివారాలు నేను వెళ్లేవాణ్ణి. నాకు శబ్దం వినబడేది, మాట అర్థమయ్యేది కాదు. ఆయనకు మాట తెలుసు, శబ్దం వినబడేది కాదు. నేను విన్నది విన్నట్టు పలికేవాణ్ణి, నూకరత్నం దాన్ని సరిచేసి ఆయన కుడి చెవిలో చెప్పేది, ఆయన పెన్సిలుతో ఖాళీ నింపేవారు. నా ఉచ్చారణకు ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. “మీ గోదారోళ్లకి నోరు తిరగదేటి బావా,” అనేవారు పైడిరాజు గారు. బాబూ కాస్తా బావ అయింది ఆ ఆదివారాల్లోనే.

కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే. చప్పట కొట్టండి, కొలవండి, మూలల్లోంచి లాగండి, షోకేసుల మీద నా తరఫున కూడా యుద్ధం చెయ్యండి. కానీ ఇంట్లో ఏదైనా వస్తువు తప్పు చోట కనబడితే, జరిపే ముందు అక్కడెందుకు పెట్టారో అడగండి. పదింట తొమ్మిదిసార్లు దుమ్మనో వాస్తనో చెప్పి మీ ప్రాణం తీస్తారు. ఆ పదోసారి కోసం తొమ్మిదిసార్లూ అడగాల్సిందే.

పండగనాడు వాళ్ల ఊళ్లో మైకు సెట్టు పని నేనే తీసుకున్నాను. గంగమ్మ గుడి ముందు ఖాళీ స్థలం. తప్పెటలు కట్టుకుని పద్నాలుగు మంది వరసగా నిలబడ్డారు. పెద్ద ఎప్పుడూ మధ్యలో నిలబడతాడట. పైడిరాజు గారు వరసకు ఎడమ చివర నిలబడ్డారు, అందరూ తనకు కుడిపక్కన ఉండేట్టు. ఊళ్లో ముసలాళ్లు గొణిగారు. ఆయన కదల్లేదు.

నేను రెండు పెద్ద సౌండు బాక్సులు దింపించాను. స్థలం మధ్యకు వెళ్లి, అలవాటు కొద్దీ చప్పట కొట్టడానికి చేతులెత్తాను. ఆడవాళ్ల మధ్యలోంచి నూకరత్నం నన్నే చూస్తోంది. చేతులు దించేశాను. ఆవిడ దగ్గరికి వెళ్లాను.

“బాక్సు ఎక్కడ పెట్టమంటావమ్మా?”

ఆవిడ ఒకసారి భర్త నిలబడ్డ చోటు చూసింది, ఒకసారి గుడి గోడ చూసింది. చెయ్యెత్తి చూపించింది. అక్కడే పెట్టాను.